కొలత నీటితో కొండలు, ఎడారులు



అలాస్కా, హవాయి రాష్ట్రములను మినహాయించినచో, అమెరికా సంయుక్త రాష్ట్రములలో అన్నింటికంటె ఎత్తైన శిఖరమును, అన్నింటికంటె పల్లమైన నేలయు ఒక్క కాలిఫోర్నియాలోనే, ఒకదానికి మరియొకటి సుమారు 85 మైళ్ల దూరములో ఉన్నవి. ఆ శిఖరము విట్నీ. దాని యెత్తు 14,505 అడుగులు. ఆ పల్లము డెత్ వ్యాలీ యందలి బాడ్‌వాటర్. అది సముద్రమట్టమునకు 282 అడుగుల దిగువన ఉన్నది. ఆ లోయలోనే 1913 వ సంవత్సరము జూలై 10 వ తేదీన 134 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా దాదాపు 57 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి నమోదైనది. అధికారికముగా గుర్తింపబడిన గాలి ఉష్ణోగ్రతలలో లోకమంతటికిని అదియే నేటికి అత్యధికము. ఈ రెంటి నడుమనున్న భూమిని, సియెరా నెవాడా పర్వతములను పడమటినుండి తూర్పునకు దాటి, వాటి తూర్పు పార్శ్వమును ఒరసికొనిపోవు 395 వ నంబరు రహదారి వెంట, మా అమ్మాయి కుటుంబముతో కలిసి ఒక మోటార్‌హోములో చూచివచ్చు భాగ్యము నాకును నా భార్యకును ఒక అక్టోబరు మాసములో కలిగినది. ఆ దారి పొడవునను నాకు కనబడినది నీటి చరిత్రయే. నేటి నా ప్రసంగమును దానిని గురించియే.

అచ్చటి మన తెలుగువారు ఆర్వీ అని వ్యవహరించు ఈ వాహనము లారీ చట్రముపై కట్టిన ఇల్లు. గ్యాసుపొయ్యి, ఫ్రిజ్, గిన్నెలు కడుగుకొను సింకు, ఒక మనిషి మాత్రమే నిలువగల స్నానపుగది, వెనుకవైపు పెద్దల కొక మంచము, డ్రైవరు సీటుకు పైన అటకమీద పిల్లలు పడుకొనుటకు పరుపు, పగలు భోజనపు బల్లయై రాత్రి పడకగా మారు బెంచీలు – ఇవన్నియు లోనికి అడుగుపెట్టిన వెంటనే కంటబడును. కంటబడకుండ ఆ యింటి దినచర్యనంతను శాసించునవి మాత్రము అడుగుభాగమున నుండు మూడు ట్యాంకులు. మొదటిదానిలో మంచినీరు నింపుకొందురు. స్నానము చేసిన నీరును, గిన్నెలు కడిగిన నీరును రెండవదానిలోనికి చేరును. మరుగుదొడ్డి నీటికి మూడవది. మా బండిలోని మంచినీటి ట్యాంకు సుమారు 150 లీటర్లు పట్టును. అది సరిగా మేము పరుండు మంచము క్రిందనే యుండెను. పొయ్యి ప్రక్కన గోడకు అమర్చిన చిన్న పలకమీద ఒక మీటను నొక్కినచో ట్యాంకులో ఎంత నీరున్నదో తెలుపు ఎఱ్ఱని దీపములు వరుసగా వెలుగును. నీరు తగ్గినకొలదియు వెలుగు దీపముల సంఖ్య తగ్గుచుండును. కుళాయి త్రిప్పినంతనే ఎక్కడనో అడుగున పంపు గుఱ్ఱుమని మ్రోగనారంభించును. ఆ మ్రోత వినబడినంతసేపును నీరు వ్యయమగుచున్నదని ఇంటిల్లిపాదికిని తెలియును. అర్ధరాత్రి ఎవరైన చేతులు కడుగుకొన్నను తక్కినవారికి మెలకువ వచ్చును.

ఐదుగురు మనుష్యులకు 150 లీటర్లు! కాలిఫోర్నియా నగరములలోని ఇండ్లలో ఇద్దరు నిశ్చింతగా స్నానము చేసినచో అంత నీరును వెళ్లిపోవును. అందుచేత బయలుదేరిన నాటి సాయంకాలమే మా అల్లుడు నియమములను వినిపించెను: స్నానమునకు నిలిచినవారు ఒడలు తడిసినంతనే కుళాయి కట్టవలెను, సబ్బు రుద్దుకొనిన పిదప మరల తెరచి, ఒడలు కడుగుకొని, తక్షణమే బయటికి రావలెను. నా భార్యకు మాత్రము ఎవరును ఏమియు నేర్పవలసిన అవసరము కలుగలేదు. ఆమె పుట్టి పెరిగినది ధర్మవరము దాపున. చేదబావి అడుగంటిన వేసవులను ఆమె యెరుగును. బియ్యము కడిగిన నీటిని ఆమె పారబోయక, ఒక గిన్నెలోనికి వంచి యుంచి, భోజనమైన వెనుక కంచములకు మొదటి కడుగు దానితోనే కడిగెడిది. రెండవ కడుగునకు మాత్రమే కుళాయి తెరచెడిది. మనుమరాలు ఆ పనిని కన్నులార్పక చూచి, మరునాటినుండి ఆ గిన్నెకు తానే కావలి కాచెను.

యోసెమిటీ జాతీయోద్యానమును అడ్డముగా దాటు టియోగా మార్గము సంవత్సరములో సగము కాలము మంచుచేత మూతపడియుండును. సామాన్యముగా నవంబరులో మూసినచో మరల తెరచునది మే నెలాఖరుననో, జూన్‌లోనో. 1883 లో వెండిగనులకొరకై వేసిన బండిబాట అది. ఆ గనులలో చెప్పుకోదగిన వెండి దొరకలేదు. బాట మాత్రము పాడుపడి మిగిలియుండగా, 1915 లో, కొలది కాలమునకే జాతీయోద్యానముల శాఖకు తొలి అధిపతి కానున్న స్టీఫెన్ మేథర్, తన సొంత సొమ్మునకు మిత్రుల సొమ్మును చేర్చి దానిని కొని, ప్రభుత్వమునకు సమర్పించెను. ఆ బాటమీద మేము 8,600 అడుగుల యెత్తున నున్న టువాలమీ పచ్చికబయళ్లను చేరి, దారి ప్రక్కన బండి నిలిపి, మధ్యాహ్న భోజనమునకు వంట మొదలుపెట్టితిమి. అంత యెత్తున గాలి ఒత్తిడి తక్కువ కావున నీరు 91 డిగ్రీల దగ్గరనే మరగును. మూతలేని గిన్నెలో అన్నము ఉడుకుటకు చాలసేపు పట్టును. కుక్కరు మూత బిగించినప్పుడు ఆవిరి లోపలనే ఒత్తిడిని పెంచి ఆ లోటును పూరించును. మూడు కూతలకు బదులు ఐదు రానిచ్చి నా భార్య వండిన ఆ అన్నమును, పప్పును, గోంగూర పచ్చడిని, చుట్టును హిమనదములు నునుపుచేసి విడిచిన శిలాగోళములు ఎండకు మెరయుచుండగా, ఆ పచ్చికబయలి యంచున కూర్చుండి భుజించితిమి.

టియోగా కనుమ యెత్తు సుమారు 9,940 అడుగులు. కాలిఫోర్నియాలో రహదారి దాటు కనుమలలో అదియే మిక్కిలి యెత్తైనది. అచ్చటినుండి తూర్పున లీ వైనింగ్ ఊరికి 12 మైళ్లలో 3,000 అడుగులకు పైగా దిగవలెను. పర్వతము ఒకవైపు నిట్టనిలువున లేచి, రెండవవైపు లోయలోనికి విరిగిపడుచుండగా, నిండు బరువుతోనున్న ఇంటిని ఆ వాలున దించుట ఎట్లో మా అల్లుని చూచి తెలిసికొంటిని. వాలు మొదలు కాకమునుపే అతడు గేరును తగ్గించెను. ఇంజను గర్జించినది, వేగము దానంతట అదియే అణగినది. బ్రేకుమీద పాదము నొక్కియుంచక, వేగము కొంచెము హెచ్చినప్పుడెల్ల ఒక్క క్షణము గట్టిగా నొక్కి, వెంటనే విడిచిపెట్టుచుండెను.

"అలాగే నొక్కి ఉంచితే ఏమవుతుంది బాబూ?" అని అడిగితిని.

"వేడెక్కిపోతాయి మామయ్యగారూ. ఒక హద్దు దాటాక ఎంత నొక్కినా పట్టవు. మధ్యలో వదిలితేనే గాలి తగిలి చల్లబడతాయి" అనెను.

వెనుక వాహనములు బారులు తీరుచున్నవి. రెండు వరుసల రహదారిలో నెమ్మదిగా పోవు బండి వెనుక ఐదు గాని అంతకు మించి గాని వాహనములు నిలిచిపోయినచో, వీలైన చోట ప్రక్కకు తొలగి వానికి దారి ఈయవలెనని కాలిఫోర్నియా చట్టము. అతడు ప్రక్కకు తొలగిన ప్రతిసారియు ముందుకు సాగినవారు చేయి యూపి పోవుచుండిరి. ఆ నిలుపులలో ఒకచోట దిగి చూచితిని. మా వెనుక పడమటి దిక్కున దట్టమైన అడవులు, సెలయేళ్లు. మా యెదుట తూర్పున ధూసరవర్ణమైన గుబురు మొక్కలు తప్ప మరేమియు మొలవని, ఆకాశమంత విశాలమైన బయలు. పసిఫిక్ మహాసముద్రమునుండి వచ్చు మేఘములు సియెరా పర్వతములను ఎక్కునప్పుడు చల్లబడి, తమ నీటిలో చాలభాగమును పడమటి వాలుననే కురిసివేయును. తూర్పునకు దిగునది పొడిగాలి మాత్రమే. పశ్చిమ కనుమల చాటున నుండి, నైఋతి ఋతుపవనము తనను దాటి పోవుటను ఏటేట చూచు అనంతపురము ప్రాంతమువానికి ఈ సంగతి ఎవరును వివరింపనక్కరలేదు. అయితే అనంతపురమునకు మేఘముల నడ్డగించు పర్వతపంక్తి యొక్కటియే. డెత్ వ్యాలీకి నాలుగు. మా అనంతపురపు వానలో ఇంచుమించు పదియవ వంతు మాత్రమే ఆ లోయకు దక్కును.

లీ వైనింగ్ ఊరిముందర మోనో సరస్సు. సుమారు ఏడున్నర లక్షల యేండ్లకు తక్కువ కాని వయస్సు గలదని శాస్త్రజ్ఞులు చెప్పు ఆ సరస్సులోనికి ఏరులు వచ్చి చేరునే గాని, దానినుండి బయటికి పోవు ఏరు ఒక్కటియు లేదు. నీరు ఆవిరియై పోవును, వచ్చిన లవణములు మిగిలిపోవును.

"తాతయ్యా, ఇన్ని నీళ్లున్నాయి కదా, మన ట్యాంకు ఇక్కడే నింపుకోకూడదా?" అని మనుమరాలు అడిగెను. సమాధానముగా మా అమ్మాయి దానిచేత ఆ నీటిలో వేళ్లు ముంచించినది. సబ్బునీటివలె జారు ఆ నీరు సముద్రమునకు రెండుమూడు రెట్లు ఉప్పనిది, గాఢమైన క్షారము గలది. చేపలు అందులో బ్రతుకవు. అయినను లోకములో మరెక్కడను లేని ఒక జాతి సన్నని రొయ్యలు అందు కోటానుకోట్లుగా పుట్టుచుండును. తీరమంతట క్షారపు ఈగలు నల్లని చారగా కూర్చుండి, మనము అడుగు వేసినంతనే తెరవలె లేచి ప్రక్కకు తొలగును. ఆ ఈగ ఒక గాలిబుడగను తన చుట్టును పొదువుకొని నీటిలో మునిగి, అడుగున నాచు తిని, గ్రుడ్లు పెట్టి, తడియకుండ తిరిగి పైకి వచ్చును. ఈ ఈగల ప్యూపాలనే ఎండబెట్టి అచ్చటి కుట్జాడికా పైయూట్ ప్రజలు తరతరములుగా ఆహారముగా గ్రహించిరి. ఈ రొయ్యలను, ఈగలను తినుటకు దేశాంతరములు పోవు పక్షులు లక్షలసంఖ్యలో దిగును.

తీరమున మనిషి యెత్తునను, అంతకు మించియు లేచియున్న తెల్లని రాతి గోపురములు చూచువారికి మిక్కిలి శోభాయమానముగా నుండును. చిత్రపటములన్నింటిలోను అవే. కాని అవి నీటి అడుగున పుట్టినవి. సరస్సు అడుగునుండి ఉబుకు ఊటలలోని సున్నము, సరస్సు నీటిలోని కార్బొనేటుతో కలిసి, ఊటనోటిచుట్టును గట్టిపడుచు గోపురముగా పెరుగును. అవి నేడు ఎండలో నిలిచియుండుటకు కారణము, నీరు వానిని విడిచి దూరముగా పోవుటయే. 1941 లో లాస్ ఏంజెలిస్ నగరము, ఈ సరస్సులోనికి వచ్చు ఏరులను మధ్యలోనే మళ్లించి, మూడువందల మైళ్లకు పైబడిన దూరమునుండి తన కుళాయిలకు కొనిపోనారంభించినది. నలుబది యేండ్లలో సరస్సు 45 అడుగులు తగ్గినది, అందలి నీరు సగమైనది, ఉప్పు రెండింతలైనది. నీటి నడుమ క్షేమముగా నుండిన నెగిట్ దీవి 1979 నాటికి తీరముతో కలిసిపోగా, నడచివచ్చిన కొయోటీలు అను నక్కలవంటి మృగములు గల్ పక్షుల గూళ్లపై పడినవి.

ఆ సరస్సును నిలిపినవారు సంపన్నులు గారు, పెద్ద పదవులలోనివారు గారు. 1970 దశకమున అచ్చటి జీవరాశిని లెక్కించుటకై వచ్చిన విద్యార్థులు కొందరు. వారిలో డేవిడ్ గెయిన్స్ అను యువకుడు 1978 లో మోనో సరస్సు సమితిని స్థాపించెను. నగరము మళ్లించుచున్న ఏటినుండి జనులు బకెట్లతో నీరు మోసికొనివచ్చి సరస్సులో పోయు ఉత్సవమును వారు జరిపిరి. వ్యాజ్యము న్యాయస్థానముల మెట్లెక్కినది. 1983 లో కాలిఫోర్నియా సుప్రీము కోర్టు, నీటిహక్కులు ఎంత పాతవైనను, ప్రజలందరి తరఫున ప్రభుత్వము ధర్మకర్తగా కాపాడవలసిన జలాశయములకు హాని కలుగునప్పుడు ఆ హక్కులను పునఃపరిశీలింపవచ్చునని తీర్పు చెప్పినది. గెయిన్స్ 1988 లో కారు ప్రమాదమున మరణించెను. 1994 లో రాష్ట్ర జలవనరుల మండలి సరస్సు మట్టమును సముద్రమట్టమునకు పైన 6,392 అడుగులకు తేవలెనని శాసించినది. ఆ మట్టమునకు సరస్సు ఇంకను చేరలేదు. అయినను చావు తప్పినది. ఆ ఒడ్డున నిలిచి నేను, బకెట్టు నీరు సరస్సున కేపాటియని అడుగక మోసినవారిని తలచుకొని, మనస్సులో చేతులు జోడించితిని.

దక్షిణమునకు సాగినచో బిషప్ ఊరు దాటిన పిదప ఓవెన్స్ లోయ. పడమట సియెరా, తూర్పున ఇన్యో పర్వతములు. నడుమ చదునైన నేల. మా యెత్తైన బండికి ఆ లోయలో ప్రక్కగాలియే మొదటి శత్రువు. ఎదురుగా పెద్ద లారీ దాటిపోయినప్పుడు ఇల్లంతయు ఊగి, అరలలోని గ్లాసులు గలగలలాడెడివి. ఈ లోయలో తెల్లజాతివారు రాకమునుపే పైయూట్ ప్రజలు కాలువలు త్రవ్వి, కొండయేళ్లను మళ్లించి, అడవి దుంపలను, గింజలను పండించుకొనెడివారు. వారిని తరిమి వచ్చినవారు అవే యేళ్లతో చేలను, తోటలను పెంచిరి. ఆ పిదప నగరము వచ్చినది. విలియం మల్హాలండ్ అను ఇంజనీరు ఆధ్వర్యమున 233 మైళ్ల కాలువ నిర్మాణమై 1913 నవంబరులో లాస్ ఏంజెలిస్‌కు నీరు చేరినది. ఒక్క పంపైనను లేకుండ, కేవలము వాలువలననే నీరు కొండలను, ఎడారిని దాటి అంత దూరము పోవునట్లు చేసిన ఆ నైపుణ్యము గొప్పదియే. నేను దానిని తక్కువ చేసి చెప్పను. కాని నగరపు మనుష్యులు తమ ఉద్దేశమును మరుగుపరచి, రైతులయొద్ద భూములను, భూములతోపాటు నీటిహక్కులను కొనుగోలు చేసిరి. చెరువులు, చేలు ఎండిపోయినవి.

లోన్ పైన్ ఊరికి ఉత్తరముగా, రహదారి ప్రక్కన కాలువపై ఒక చిన్న కట్టడమున్నది. దానిని అలబామా గేట్లందురు. అల్లుడు బండి నిలుపగా మేము దిగి చూచితిమి. 1924 నవంబరులో ఓవెన్స్ లోయ రైతులు కొన్ని పదులమంది వచ్చి, ఆ గేట్లను స్వాధీనము చేసికొని, చక్రములు త్రిప్పి, నగరమునకు పోవు నీటిని తమ ఎండిన ఓవెన్స్ నదిలోనికి వదలిరి. నాలుగు దినములు అట్లే నిలిచిరి. ఊరిలోని స్త్రీలు వంటలు చేసి తెచ్చిరి. పిల్లలు వచ్చి ఆడుకొనిరి. అది తిరునాళ్లగా జరిగినదని చరిత్రకారులు వ్రాసిరి. ఆ పిదప కాలువను డైనమైటుతో పలుమారు పేల్చిరి. 1927 లో రైతుల పక్షమున నిలిచిన వాటర్సన్ సోదరుల బ్యాంకులు నేరారోపణలతో మూతపడగా, జనుల పొదుపు సొమ్ముతోపాటు ప్రతిఘటనయు అడుగంటినది. నేడు ఆ గేట్లయొద్ద కాంక్రీటు కాలువలో నీరు చప్పుడు లేకుండ, మిక్కిలి వేగముగా దక్షిణమునకు పరుగెత్తుచుండును. కాలువ కిరువైపులను నేలమాత్రము బూడిదరంగు.

ఆ గేట్లకు కొలది మైళ్ల ఉత్తరముననే మాంజనార్. 1910 ప్రాంతమున అచ్చట ఆపిలు, పేరి తోటలతో ఒక ఊరు వెలసినది. 1920 దశకమున నగరము ఆ నేలను, నీటిని కొనివేయగా ఊరు ఖాళీయైనది, తోటలు ఎండినవి. 1942 లో, జపానుతో యుద్ధము వచ్చినప్పుడు, అధ్యక్షుడు రూజ్వెల్టు 9066 వ నంబరు ఉత్తరువుపై సంతకము చేసిన వెనుక, పడమటి తీరమునందలి జపాను సంతతి కుటుంబములను ఇండ్లనుండి లేపి తెచ్చి నిర్బంధించుటకు ప్రభుత్వము ఏర్పరచిన పది శిబిరములలో మాంజనార్ ఒకటి. ముళ్లకంచె, కావలి గోపురములు, తారుకాగితము కప్పిన కొయ్యపాకలు. అందు ఒకే కాలమున పదివేలమందికి పైగా మనుష్యులు. వారిలో మూడింట రెండువంతులు అమెరికాలో పుట్టిన పౌరులు.

వారు అచ్చట చేసిన పని విని నేను చాలసేపు మాటలాడలేకపోయితిని. ఎవరో విడిచిపోగా దిక్కులేక ఎండుచున్న ఆ పాత ఆపిలు, పేరి చెట్లను వారు కత్తిరించి, పాదులు చేసి, నీరు పెట్టి మరల కాపునకు తెచ్చిరి. భోజనశాలల ముందర గంటలతరబడి వరుసలలో నిలువవలసివచ్చు వారికి కంటికి చల్లదనముగా నుండుటకై, రాళ్లు మోసి, కొలనులు త్రవ్వి, చిన్న వంతెనలు కట్టి, ఉద్యానములు నిర్మించిరి. శిబిరము 1945 లో మూతపడిన పిదప ఇసుక వానిని కప్పివేసినది. 1992 లో ఆ స్థలము జాతీయ చారిత్రక స్థలమైన పిదప పురావస్తు శాస్త్రజ్ఞులు ఇసుకను తొలగింపగా కొలనుల రాళ్లు ఒకదాని వెంట ఒకటి బయటపడినవి. నా మనుమరాలు ఎండిన కొలని యంచున కూర్చుండి, లోపలి రాళ్ల నడుమ వంకరటింకరగా పోవు చిన్న కాలువను వ్రేలితో వెంబడించినది. నీరు ఏవైపునుండి వచ్చి, ఏ రాతిని తాకి, ఎచ్చట మలుపు తిరిగి, ఎచ్చట జాలువారవలెనో, అన్నియు ఆలోచించి అమర్చిన రాళ్లు అవి. అచ్చట నీరు లేకపోయినను నీరు నడచిన దారి తెలియుచున్నది.

లోన్ పైన్‌కు దక్షిణమున ఓవెన్స్ సరస్సు. అనగా, సరస్సు ఉండిన చోటు. 1872 లో బెస్సీ బ్రాడీ అను ఆవిరిపడవ గనులనుండి వచ్చిన వెండి దిమ్మెలను ఆ సరస్సుమీద ఆవలియొడ్డునకు చేర్చెడిది. నది నీరు కాలువలోనికి మళ్లిన పదునైదేండ్లలోపున సరస్సు ఎండినది. ఆ పిదప దాని అడుగునుండి గాలికి లేచిన క్షారపు దుమ్ము అమెరికాలోనే మిక్కిలి దట్టమైన దుమ్మై చుట్టుప్రక్కల ఊళ్లవారి ఊపిరితిత్తులలోనికి పోయినది. చట్టపు బలవంతమున నగరము, ఈ శతాబ్దారంభమునుండి, ఆ దుమ్మును అణచుటకు రెండువందల కోట్ల డాలర్లకు పైగా వ్యయముచేసి, కొంత మేర పలుచగా నీరు నిలుపుచున్నది. ఆ పలుచని నీటిలోనికి పక్షులు తిరిగి వచ్చుచున్నవి.

డెత్ వ్యాలీకి పోవు 190 వ నంబరు దారి, పానమింట్ లోయలోనికి దిగి, మరల 4,956 అడుగుల టౌన్ కనుమకు ఎక్కి, అచ్చటినుండి సముద్రమట్టమునకు దిగును. ఎక్కుచోట్ల ఏసీ నాపుడని పలకలున్నవి. వేడెక్కిన రేడియేటర్లకొరకు అక్కడక్కడ నీటి తొట్లను నిలిపియుంచిరి. వేసవిలో మోటార్‌హోములను అద్దెకిచ్చు సంస్థలు అనేకము తమ బండ్లను ఆ లోయలోనికి కొనిపోనీయవు. అక్టోబరు చివర గనుక మాకు వేడి బాధింపలేదు. ఫర్నెస్ క్రీక్ విడిదిలో బండిని నిలిపి, ఒకవైపు చక్రముల క్రింద కొయ్యపలకలు పెట్టి సమతలము చేసిన పిదప దీపముల పలకను నొక్కి చూచితిమి. ఒక్క దీపము వెలిగినది.

విడిదికి దాపుననే హార్మొనీ బోరాక్సు కర్మాగారపు శిథిలములున్నవి. 1883 మొదలుకొని అయిదారేండ్లు, చీనా కూలీలు ఉప్పుబయలునుండి చేతులతో గీకి తెచ్చిన బోరాక్సును, అనగా వెలిగారమును, ఇచ్చట శుద్ధిచేసి, 165 మైళ్ల దూరముననున్న మొహావి రైలుస్టేషనుకు బండ్లపై పంపెడివారు. పదునెనిమిది కంచరగాడిదలను, రెండు గుఱ్ఱములను జంటలు జంటలుగా కట్టి, రెండు మహాశకటములను ఒకదానివెనుక ఒకటి తగిలించి, వాని వెనుక 1,200 గాలన్ల ఇనుపనీటి ట్యాంకు బండిని తగిలించి, పది దినములు నడచెడివారు. ఆ ఎడారిలో ముందునకు సాగవలెనన్న, మనిషికిని మృగమునకును కావలసిన నీటిని కొలిచి, తూచి, తమతో ఈడ్చుకొని పోవుట తప్ప వారికి మార్గాంతరము లేకపోయినది. ఆ ట్యాంకును నేను చేతితో తట్టి చూచితిని.

అయినను ఆ లోయ మనుష్యులు నివసింపని చోటు గాదు. టింబిషా షొషోనీ జాతివారు వేలాది సంవత్సరములుగా దానిని తమ యిల్లని యెంచుచున్నారు. చలికాలమున ఊటలదగ్గర నివసించి, మెస్కీటు చెట్ల కాయలను దంచి పిండిచేసి దాచుకొని, వేసవి రాగానే పానమింట్ పర్వతములపైకి పోయి, పైన్ గింజలను ఏరుకొని, చలికాలమునకు తిరిగివచ్చెడివారు. 1933 లో ఆ లోయ జాతీయ స్మారకమైన పిదప వారు తమ యింట తామే అద్దెవారైరి. 1950 దశకమున, వేసవికి కొండలమీదికి వెళ్లిన కుటుంబముల మట్టియిండ్లను ఉద్యానశాఖవారు గొట్టములతో నీరు చిమ్మి కరగించి కూల్చిరి. మిగిలినవారు కదలలేదు. దశాబ్దముల పోరాటము తరువాత, 2000 సంవత్సరమున అమెరికా శాసనసభ చట్టముచేసి 7,700 ఎకరములకు పైగా భూమిని వారికి తిరిగి యిచ్చినది. వారి గ్రామము నేటికిని ఫర్నెస్ క్రీక్‌లోనే యున్నది. ఆ లోయను మృత్యువు పేరుతో పిలుచుట వారికి ఎంతటి బాధ కలిగించునో, ఆ సంగతి వారి పెద్దలు పలుమారు చెప్పిరి. నాకు అది న్యాయముగానే తోచినది.

బాడ్‌వాటర్‌యొద్ద తెల్లవారుజామున దిగితిమి. ఉప్పు, పలకలు పలకలుగా పగిలి, పగిలిన అంచులు జానెడెత్తు లేచి, మైళ్లకొలది తెల్లగా పరచుకొనియున్నది. వెనుకనున్న కొండచరియమీద చాల ఎత్తున సముద్రమట్టమును తెలుపు పలక యొకటి కనబడును. ఎదుట పడమటివైపున 11,049 అడుగుల టెలిస్కోపు శిఖరము. హిమయుగములో ఈ పల్లము నిండ వందలాది అడుగుల లోతున సరస్సుండెడిది. సంవత్సరమునకు రెండంగుళముల వాన మాత్రము కురియు ఈ లోయలో 2023 ఆగస్టు 20 వ తేదీన, హిలరీ తుపాను శేషము వచ్చిపడి, ఒక్కనాడే 2.2 అంగుళములు కురిసినది. రహదారులు కొట్టుకొనిపోయి, రెండు నెలలకు దాపుగా ఉద్యానము మూతపడినది. బాడ్‌వాటర్ మరల సరస్సై, మరుసటి వసంతమువరకును నిలిచినది. కొన్ని వారములు జనులు దానిమీద చిన్న పడవలు నడిపిరి. మేము వెళ్లునప్పటికి నేల ఆ నీటినంతను త్రాగివేసి, అంచులలో క్రొత్త ఉప్పును మాత్రము తెల్లగా మిగిల్చియుండెను.

కాలిఫోర్నియాలో బిడ్డలున్న తెలుగు తలిదండ్రులు నేడు వేలకొలది. వారిలో లాస్ వేగస్‌ను చూచుటకై వెళ్లుచు ఈ దారి వంక చూడనివారును ఉందురు. అట్టి శ్రోతలకు నాదొక మనవి. అక్టోబరు తొలి పక్షముననో, నడుమననో బయలుదేరుడు. టియోగా దారి తెరచియున్నదో లేదో ఉద్యానశాఖవారిని ముందు అడుగుడు. మీ బండి 25 అడుగులు మించినదైనచో డెత్ వ్యాలీలోని ఆర్టిస్ట్స్ డ్రైవ్‌కును, డాంటేస్ వ్యూకును రానీయరు గనుక, వానికొరకు ఒక పూట కేటాయింపవలదు. ఆ పూటను మాంజనార్‌కు ఈయుడు, అచ్చటికి ఎండ యుండగానే చేరి, కొలనులన్నియు నడచి చూడుడు. మోనో సరస్సు దక్షిణపు ఒడ్డున రెండు గంటలు తక్కువ గాకుండ కూర్చుండుడు. ట్యాంకును లోన్ పైన్‌లోనే పూర్తిగా నింపుకొనుడు. త్రాగు నీరు దానికి వేరుగా, మనిషికి దినమునకు ఒక గాలను లెక్కన, సీసాలలో పెట్టుకొనుడు.